కార్మిక సంఘముల కోర్కెలు, కేంద్ర బడ్జెటు: రైతు తెలిసికొనవలసిన సంగతులు



ప్రతి సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీని కేంద్ర ఆర్థిక మంత్రి పార్లమెంటునందు బడ్జెటును ప్రవేశపెట్టుదురు. అంతకు రెండు మూడు మాసములు ముందునుండియే దేశమందలి కార్మిక సంఘములు తమ కోర్కెలను వ్రాసి మంత్రికి మహజరులు సమర్పించుట ఆచారము. ఆ వార్తలు పత్రికలలో పడినప్పుడు, అది పట్టణములందలి కర్మాగారములవారి గొడవ, మనకేల యని మనలో పెక్కురు పుట త్రిప్పివేయుదురు. అది పొరపాటు. దానికంటె పెద్ద పొరపాటు మరియొకటి కలదు. కోరినదెల్ల చేతికి వచ్చినట్లే యెంచుట ఆ రెండవ పొరపాటు. దానిని నేనే చేసితిని గనుక ముందుగా ఆ సంగతి చెప్పుకొందును.

2025వ సంవత్సరము జనవరి మాసమున ఒక గ్రామమునకు మినుము చేలు చూచుటకు పోయితిని. అచ్చట మన సంఘ సభ్యులొకరు, అరువదియైదేండ్లు దాటిన పెద్దమనిషి, నన్ను గట్టుమీద ఆపిరి. ఆయన చక్కెర కర్మాగారమున పనిచేసి విరమించి, ఎకరమున్నర భూమి సాగు చేసికొనుచున్నారు. నెలకు వచ్చు పింఛను వేయి రూపాయలు. చేతిలోని పత్రిక చూపి, “అయ్యా, మా పింఛను పెంచవలెనని సంఘములవారు మంత్రిగారి నడిగినారట. ఈ బడ్జెటులో వచ్చునందురా?” యని అడిగిరి. నేను పత్రికను పైపైని చూచి, “ఇన్ని సంఘములు అడిగినవి గదా, కొంతయైనను రాకపోదు లెండి” అంటిని. ఆ మాట నమ్మి ఆయన వాయిదాలమీద ఒక పాడిగేదెను కొనిరి. ఫిబ్రవరి 1వ తేదీని చదివిన బడ్జెటులో ఆ పింఛను పెంపు లేదు. ఏటికి పండ్రెండు లక్షల వరకు ఆదాయమున్నవారు క్రొత్త పద్ధతిలో పన్ను కట్టనక్కరలేదను వార్త దేశమంతట మ్రోగినది. వేయి రూపాయల పింఛనుదారునికి దానితో పనియేమి? శ్రావణ మాసమున ఆయన ఆ గేదెను నష్టమునకు అమ్ముకొనిరి. నన్నొక్క మాటయైన అనలేదు. అనకపోవుటయే నాకు ఎక్కువ బాధయైనది. కోరిక వేరు, కేటాయింపు వేరు అని ఎరిగినవాడనై యుండియు అశ్రద్ధగా పలికితిని. అట్టి అశ్రద్ధ మరియొకరికి నష్టము తేకుండుటకై ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ఈ సంఘము లెవ్వి?

అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు 1920లో బొంబాయి నగరమున స్థాపితమైనది. దాని మొదటి అధ్యక్షులు లాలా లజపతి రాయి గారు. 1926లో కార్మిక సంఘములకు చట్టబద్ధమైన గుర్తింపు నిచ్చు శాసనము వచ్చినది. ఆ పిమ్మట 1947లో ఐ.ఎన్.టి.యు.సి., 1948లో హింద్ మజ్దూర్ సభ, 1955లో భారతీయ మజ్దూర్ సంఘము, 1970లో సి.ఐ.టి.యు. ఏర్పడినవి. బరంపురమున జన్మించిన మన తెలుగువారు వి. వి. గిరి గారు ఈ ఉద్యమమున పేరొందినవారు. ఆయన 1952లో కేంద్ర కార్మిక మంత్రియైరి. బ్యాంకు ఉద్యోగులకు న్యాయస్థానమువారు తీర్చిన తీర్పును ప్రభుత్వము మార్చినందున 1954లో ఆ పదవిని వదలుకొనిరి. కార్మిక మంత్రి కోరినదే ప్రభుత్వమున నెగ్గనప్పుడు, వెలుపలివారి మహజరు నెగ్గుట ఎంత కష్టమో ఊహింపవచ్చును.

బడ్జెటునకు ముందు ఆర్థిక మంత్రి కార్మిక సంఘముల ప్రతినిధులను పిలిచి వినుట వాడుక. తెరమీది సమావేశమునకు రాము, ముఖాముఖిగా పిలువవలెనని 2022 నవంబరులో పది కేంద్ర సంఘములు ఆ సంప్రదింపును బహిష్కరించినవి. వినుట మంత్రికి మర్యాద. ఇచ్చి తీరవలెనను నిర్బంధము లేదు.

బడ్జెటు అనగా నేమి?

మన సహకార సంఘపు సర్వసభ్య సమావేశమును తలచుకొనుడు. సభ్యులు గిడ్డంగి కావలెనందురు, వడ్డీ తగ్గింపుమందురు, డివిడెండు పెంచుమందురు. అన్నియు వినియే కార్యదర్శి రాబోవు సంవత్సరపు జమాఖర్చుల అంచనా చదువును. అంచనాలో పద్దు పడిన కోరికకే సొమ్ము వచ్చును. రాజ్యాంగము 112వ అధికరణము ప్రకారము కేంద్ర ప్రభుత్వమును ఇట్టి వార్షిక ఆదాయవ్యయ పట్టికను పార్లమెంటు ముందుంచవలెను. లోక్‌సభ గ్రాంటులను ఆమోదించి, ద్రవ్య వినియోగ శాసనము చేసిన పిమ్మటనే ఖజానానుండి రూపాయి వెలువడును.

2025-26 బడ్జెటులో మొత్తము వ్యయపు అంచనా సుమారు 50 లక్షల 65 వేల కోట్ల రూపాయలు. ప్రభుత్వమువారే ప్రకటించిన లెక్క ప్రకారము, ఖర్చగు ప్రతి రూపాయిలో 22 పైసలు రాష్ట్రములకు పన్నుల వాటాగా పోవును. 20 పైసలు పాత అప్పులకు వడ్డీగా పోవును. అప్పుచేసి సాగు చేయు రైతునకు ఈ రెండవ సంగతి వేరుగా విప్పి చెప్పనక్కరలేదు. మిగిలినదానిలోనే సైన్యము, ఎరువుల రాయితీ, బియ్యపు రాయితీ, రోడ్లు, రైళ్లు, కార్మికుల కోర్కెలు అన్నియు ఇమడవలెను.

మహజరును మూడు గంపలుగా వేరుచేయుట

విత్తనపు వడ్లను ఉప్పునీటిలో పోసినయెడల తాలు పైకి తేలును, గట్టిగింజ అడుగునకు దిగును. మహజరునుగూడ అట్లే పరీక్షింపవలెను. ప్రతి కోరికను చూచి, “ఇది బడ్జెటువలన తీరునదా? శాసనమువలననా? లేక రాష్ట్ర ప్రభుత్వము మొదలగు వేరొకరివలననా?” యని ప్రశ్నింపుడు.

మొదటి గంప: బడ్జెటు సొమ్ముతో తీరునవి. పైన చెప్పిన పింఛను ఇట్టిదే. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకమున యజమాని చెల్లించు సొమ్మునుండి జీతముపై నూటికి 8.33 వంతు పింఛను నిధికి జమయగును. ప్రభుత్వము నూటికి 1.16 చేర్చును. 2014 సెప్టెంబరునుండి లెక్కకు తీసికొను జీతపు పరిమితి 15,000 రూపాయలు. సగటు జీతమును సర్వీసు సంవత్సరములతో హెచ్చించి 70చే భాగించినయెడల నెలసరి పింఛను తేలును. సగటు 15,000, సర్వీసు 14 ఏండ్లు అయినచో 3,000 రూపాయలు. సగటు 5,600, సర్వీసు 10 ఏండ్లు అయినచో 800 మాత్రమే. ఇట్టివారికి వేయికి తగ్గకుండ ఇచ్చుటకై 2014లో కనిష్ఠ పింఛను నిర్ణయించిరి. ఆ లోటును కేంద్ర బడ్జెటునుండి పూరింతురు. 2025 సంవత్సరాంతము వరకును ఆ వేయి వేయిగానే నిలిచినది. పింఛనుదారుల సంఘములు 7,500 కావలెననియు, కార్మిక సంఘములు కొన్ని 9,000 కావలెననియు కోరుచున్నవి. బడ్జెటులో ప్రత్యేకముగా పద్దు పడనిదే ఈ కోరిక తీరదు.

అంగన్‌వాడీ కార్యకర్తల గౌరవ వేతనమును ఈ గంపలోనిదే. కేంద్రము 2018 అక్టోబరునుండి కార్యకర్తకు 4,500, సహాయకురాలికి 2,250 రూపాయలుగా నిర్ణయించినది. అయితే రాష్ట్రములు దానిపై కొంత చేర్చుచుండుటచే ఇది మూడవ గంపకును చెందును. ఆంధ్రప్రదేశమున 2023 డిసెంబరునుండి 2024 జనవరి వరకు 42 దినములు జరిగిన అంగన్‌వాడీ సమ్మె రాష్ట్ర ప్రభుత్వముతో జరిగినది గాని కేంద్ర ఆర్థిక మంత్రితో కాదు.

రెండవ గంప: శాసనముచేగాని ఉత్తరువుచేగాని తీరునవి. నెలకు 26,000 రూపాయల కనిష్ఠ వేతనము కావలెనని సంఘములు కోరుచున్నవి. కేంద్రము 2017లో సూచించిన జాతీయ కనిష్ఠ కూలి దినమునకు 176 రూపాయలు. 2019లో నిపుణుల సంఘమొకటి 375 రూపాయలు ఉండవలెనని సిఫారసు చేసినది. బడ్జెటు ప్రసంగమున ఒక వాక్యము చదివినంతమాత్రమున ఇది మారదు. పాత శాసనములు 29ని కలిపి చేసిన నాలుగు కార్మిక స్మృతులు 2025 నవంబరు 21వ తేదీనుండి అమలులోనికి వచ్చినవి. వీనిని రద్దుచేయవలెనని పెక్కు సంఘములు కోరుచున్నవి. అదియు పార్లమెంటు శాసనముతో తేలవలసిన సంగతి.

మూడవ గంప: ఇతరుల చేతిలోనివి. నిత్యావసర వస్తువులపై పన్ను తగ్గింపవలెనను కోరిక మహజరులలో తరచు కనబడును. జి.ఎస్.టి. రేటులు తేల్చునది కేంద్ర రాష్ట్ర మంత్రులు కూడిన జి.ఎస్.టి. మండలి. ట్రాక్టర్లపై పన్ను నూటికి 12నుండి 5కు తగ్గి 2025 సెప్టెంబరు 22న అమలైనది ఆ మండలి నిర్ణయముచేతనే. అది బడ్జెటు కాలము కాదు గదా.

రైతునకు లాభమా, నష్టమా?

కూలి రేటులు పెరిగినయెడల మన పెట్టుబడి పెరుగునని సభ్యులు భయపడుచున్నారు. ఆ భయము నిజమైనదే. నాట్లవేళ, కోతలవేళ కూలీలు దొరకక నేనును అవస్థపడిన రైతులను చూచితిని. అయినను లెక్కయొక్క రెండవ ప్రక్కనుగూడ చూడవలెను.

కనీస మద్దతు ధరను లెక్కించునప్పుడు రైతు కూలీలకిచ్చిన సొమ్మును, ఇంటివారి శ్రమకు కట్టిన విలువను ఖర్చులో చేర్చుదురు. 2025-26కు ధాన్యము క్వింటాలు ఖర్చు 1,579 రూపాయలని లెక్కవేసి, దానికి ఒకటిన్నర రెట్లుగా సాధారణ రకమునకు 2,369 రూపాయలు ప్రకటించిరి. కూలి పెరిగినచో ఈ లెక్కయు పెరుగవలెను. చిక్కేమనగా, అది దేశము మొత్తముమీది సగటు. మన ప్రాంతమున కూలి సగటుకు మించినచో ఆ తేడా మనమే భరింపవలసి వచ్చును. సొంత భూమికి కట్టవలసిన కౌలు విలువ, సొంత స్థిర పెట్టుబడిపై వడ్డీ ఆ 1,579లో చేరలేదు. కావున కూలీ కూలి తగ్గింపుమని కోరుటకంటె, నిజమైన ఖర్చంతయు లెక్కలో చేర్పుమని కోరుటయే రైతునకు న్యాయము.

మరియొక సంగతి. 1957లో కార్మిక మహాసభ కనిష్ఠ వేతనమునకు ఒక కొలత ఏర్పరచినది. కుటుంబమున ముగ్గురి తిండి, ఒక్కొక్కరికి దినమునకు 2,700 కేలరీలు, కుటుంబమునకు ఏటికి 72 గజముల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు మొదలగువాని ఖర్చు అందులో చేరును. ఆ తిండి మన చేలలోని బియ్యము, పప్పు, నూనెగింజలే. ఆ బట్ట మన ప్రత్తియే. కూలివాని చేతిలో సొమ్ము లేనప్పుడు మన సరకునకు గిరాకియు లేదు.

గ్రామీణ ఉపాధి పనిదినములను 200కు పెంచవలెనని సంఘములు చిరకాలముగా కోరుచున్నవి. 2005 శాసనమున ఉన్నవి 100 దినములు. దానికి బదులుగా 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన శాసనము 125 దినములు చేసినది. విత్తు, కోతల కాలమున మొత్తము 60 దినములు ఆ పనులు ఆపవలెనని విధించినది. ఇది రైతులకు అనుకూలము. కాని ఖర్చులో నూటికి 40 వంతు చాల రాష్ట్రములపై పడును. రాష్ట్ర ఖజానా ఇరుకైనప్పుడు ఆ దినములు కాగితముమీదనే మిగులునేమోయని సంఘములు సందేహించుచున్నవి. మనమును కనిపెట్టి చూడవలసిన సంగతియే.

పత్రికలో చూడవలసిన మూడు సంఖ్యలు

బడ్జెటు మరునాడు ఒక్క సంఖ్య చూచి సంతోషింపవద్దు, దుఃఖింపవద్దు. క్రొత్త సంవత్సరపు అంచనా, గడచుచున్న సంవత్సరపు సవరించిన అంచనా, అంతకు ముందటి సంవత్సరపు నిజమైన ఖర్చు అను మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. 2023-24లో గ్రామీణ ఉపాధికి మొదట వ్రాసినది 60,000 కోట్లు, సవరించినది 86,000 కోట్లు. మరుసటి ఏడు 86,000 అని చదివినప్పుడు, మొదటి సంఖ్యతో పోల్చినవానికి అది గొప్ప పెంపు. సవరించినదానితో పోల్చినవానికి అది నిన్నటి సొమ్మే.

సభ్యులకు నా మనవి ఇది. కార్మిక సంఘముల కోర్కెలను ఆసక్తితో చదువుడు. న్యాయమైనవానిని బలపరచుడు. మన కోర్కెలనుగూడ ఇట్లే గంపలుగా వేరుచేసి, ఎవరి చేతిలో ఏది కలదో వారికే వ్రాయుడు. అంతేగాని పద్దు పడి, సొమ్ము మన ఖాతాలో జమయగువరకు ఆ కోరికను నమ్మి అప్పు చేయకుడు.

ఆ పెద్దమనిషి మొన్న విత్తనముల పంపకమునాడు మన గిడ్డంగియొద్ద కనబడిరి. “అయ్యా, ఈసారి మా మహజరు ఏ గంపలోనిది?” అని నవ్వుచు అడిగిరి. “మొదటి గంపలోనిదే, పద్దు పడువరకు గేదెను కొనవద్దు” అంటిని. ఆయనకు రావలసిన పింఛను త్వరలో పెరుగవలెనని మనసార కోరుచున్నాను. పెరుగునని మాత్రము ఈసారి చెప్పలేదు.