వేగం సాధించాం.. ఇక దూరమే పరీక్ష

2017 నవంబరు 22. బంగాళాఖాతంపై ఎగురుతున్న సుఖోయ్‌-30 ఎంకేఐ యుద్ధవిమానం పొట్ట కింది నుంచి రెండున్నర టన్నుల బ్రహ్మోస్‌ క్షిపణి జారి పడింది. మరుక్షణమే ఇంజిన్‌ మండింది. క్షిపణి దూసుకెళ్లి సముద్రంలోని లక్ష్యాన్ని ఛేదించింది. యుద్ధవిమానం నుంచి బ్రహ్మోస్‌ను ప్రయోగించడం అదే తొలిసారి.

నేలపై నుంచి ప్రయోగించే బ్రహ్మోస్‌ ఉండగా విమానానికి ఎందుకు అమర్చాలి? ట్రక్కుపై ఉన్న క్షిపణి దారి ఉన్నంతవరకే వెళ్తుంది. విమానమైతే వందల కిలోమీటర్లు ముందుకెళ్లి, శత్రువు ఊహించని దిశ నుంచి దాన్ని వదలగలదు. పైలట్‌ శత్రువు గగనతల రక్షణ వలయంలోకి అడుగుపెట్టే పని ఉండదు. హిందూ మహాసముద్రాన్ని దృష్టిలో పెట్టుకుని 2020 జనవరిలో తంజావూరులో బ్రహ్మోస్‌ను మోసే సుఖోయ్‌ల స్క్వాడ్రన్‌ను ఏర్పాటు చేసింది ఇందుకే.

మొదట్లో బ్రహ్మోస్‌ పరిధి 290 కిలోమీటర్లే. 500 కిలోల పేలోడ్‌ను 300 కిలోమీటర్లు, అంతకు మించి మోసుకెళ్లగల క్షిపణుల బదిలీపై క్షిపణి సాంకేతికత నియంత్రణ వ్యవస్థ (ఎంటీసీఆర్‌) కఠిన ఆంక్షలు పెట్టింది. భాగస్వామి రష్యా అందులో సభ్యదేశం. 2016 జూన్‌లో భారత్‌కూ సభ్యత్వం దక్కడంతో ఆ ముడి వీడింది. 2022 డిసెంబరులో దాదాపు 400 కిలోమీటర్ల పరిధి గల రకాన్ని సుఖోయ్‌ నుంచి విజయవంతంగా పరీక్షించారు. గత ఏడాది మే నెల ఘర్షణలో, అంటే 2025లో, బ్రహ్మోస్‌ దాడులు జరిగాయని పాకిస్థాన్‌ ప్రధాని షెహబాజ్‌ షరీఫే బహిరంగంగా అంగీకరించారు.

అయినా అసలు సవాలు ఇంకా మిగిలే ఉంది. ధ్వనికి 2.8 రెట్ల వేగం ఊరికే రాదు. దానికి బరువైన క్షిపణి, బోలెడంత ఇంధనం కావాలి. అందుకే సుఖోయ్‌ లాంటి భారీ విమానం సైతం ఒక్క బ్రహ్మోస్‌నే మోస్తోంది. వెయ్యి కిలోమీటర్లకు పైగా వెళ్లాలంటే దారి వేరు. చిన్న టర్బోఫ్యాన్‌ ఇంజిన్‌తో, ధ్వని కంటే తక్కువ వేగంతో, నేలను ఆనుకుని రాడార్లకు చిక్కకుండా సాగే క్షిపణి కావాలి. అమెరికా 1991 గల్ఫ్‌ యుద్ధం తొలి రాత్రే బి-52 బాంబర్ల నుంచి ఇలాంటి 35 క్షిపణులను ఇరాక్‌పై ప్రయోగించింది. చైనా తన హెచ్‌-6కె బాంబర్లకు దూరశ్రేణి క్రూయిజ్‌ క్షిపణులను అమర్చింది. పాకిస్థాన్‌ తన రాద్‌-2 పరిధి 600 కిలోమీటర్లని ప్రకటించింది.

మన ప్రయత్నం నిర్భయ్‌తో మొదలైంది. 2013 మార్చిలో తొలి పరీక్ష మధ్యలోనే ఆగిపోయింది. మరుసటి ఏడాది విజయం దక్కినా, ఇంజిన్‌ మాత్రం రష్యాదే. బెంగళూరులోని గ్యాస్‌ టర్బైన్‌ పరిశోధన సంస్థ రూపొందించిన 'మాణిక్‌' ఇంజిన్‌తో ఆ లోటు తీరుతోంది. 2024 ఏప్రిల్‌లో స్వదేశీ ఇంజిన్‌తో క్షిపణి ఎగిరింది. అదే ఏడాది నవంబరులో చాందీపుర్‌ నుంచి దూరశ్రేణి భూతల దాడి క్రూయిజ్‌ క్షిపణి తొలి పరీక్ష జరిగింది. దీని ఉత్పత్తి భాగస్వాముల్లో హైదరాబాద్‌లోని భారత్‌ డైనమిక్స్‌ ఒకటి.

అయితే ఇది నేల నుంచి ఎగిరిన క్షిపణి. విమానానికి అమర్చాలంటే బరువు తగ్గాలి, గాలిలో వదిలాక ఇంజిన్‌ తప్పకుండా రాజుకోవాలి, విమానంలోని కంప్యూటర్లతో అనుసంధానం కుదరాలి. మరో చిక్కూ ఉంది. 400 కిలోమీటర్లను బ్రహ్మోస్‌ ఎనిమిది నిమిషాల్లో దాటితే, ధ్వని కంటే నెమ్మదైన క్షిపణికి వెయ్యి కిలోమీటర్లు వెళ్లేందుకు గంటకు పైగా పడుతుంది. ఈలోగా లక్ష్యం కదిలిపోవచ్చు. కాబట్టి ఉపగ్రహాల నిఘా ఎంత బలంగా ఉంటే క్షిపణి అంత పదునుగా ఉంటుంది.

ఒక పరీక్ష విజయవంతమైతే పతాక శీర్షిక అవుతుంది. యుద్ధంలో లెక్కకొచ్చేవి గిడ్డంగిలోని క్షిపణులే. మాణిక్‌ను పెద్ద సంఖ్యలో తయారు చేయడం, విమాన ప్రయోగ రకాన్ని గడువు పెట్టుకుని పూర్తి చేయడం.. వాయుసేన దూరశ్రేణి సత్తా ఈ రెండింటిపైనే ఆధారపడి ఉంది.