గుర్రం మీంచి పడితే బిల్లు ఎవరిది?

గంటకు అరవై కిలోమీటర్ల వేగం. కింద దాదాపు అయిదు క్వింటాళ్ల గుర్రం. బైకుకున్నట్టు బ్రేకు ఉండదు, కారుకున్నట్టు బెల్టూ ఉండదు. రేసు మొదలవగానే గుర్రాల వెనకాలే అంబులెన్స్ కూడా బయల్దేరుతుంది. ఇలా డ్యూటీలో ఉన్నంతసేపూ అంబులెన్స్ వెంటపడే ఉద్యోగాలు ఎన్నుంటాయి చెప్పండి?

జాకీ ఏదో ఒక రోజు పడతాడని అందరికీ తెలుసు. పడ్డాక జీవితాంతం అయ్యే ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నదే అసలు చిక్కు. ఈ ముగ్గురి కథలు చూడండి.

ఛాంపియన్‌కీ దక్కలేదు

సెక్రెటేరియట్ అనే గుర్రం పేరు వినే ఉంటారు. దాని మీద 2010లో సినిమా కూడా వచ్చింది. 1973లో ఆ గుర్రం బెల్మాంట్ స్టేక్స్‌లో 31 లెంగ్తుల తేడాతో గెలిచినప్పుడు దాని మీదున్న జాకీ రాన్ టర్కాట్. అయిదేళ్ల తర్వాత, 1978 జులై 13న, న్యూయార్క్‌లోని అదే బెల్మాంట్ పార్క్‌లో వేరే గుర్రం మీంచి పడ్డాడు. నడుము కింది భాగం చచ్చుబడిపోయింది.

తోటి జాకీ రూల్స్ తప్పి అడ్డొచ్చాడనీ, ట్రాక్‌ను నీళ్లతో సరిగ్గా తడపలేదనీ టర్కాట్ కేసు వేశాడు. 1986లో న్యూయార్క్ అత్యున్నత కోర్టు కొట్టేసింది. ఈ ఆటలో ప్రమాదం ఉంటుందని తెలిసే దిగావు కదా, కావాలని ఎవరూ దెబ్బతీయలేదు కదా అన్నది క్లుప్తంగా ఆ తీర్పు సారాంశం. అంత పేరున్న జాకీకే కోర్టులో పైసా దక్కలేదు.

పాలసీ ఉందనుకున్నాడు

2004 జులైలో వెస్ట్ వర్జీనియాలోని మౌంటెనీర్ ట్రాక్‌లో గ్యారీ బర్జర్ అనే జాకీ పడ్డాడు. ఇతనికీ కాళ్లు పోయాయి. జాకీల సంఘం తీసుకున్న పది లక్షల డాలర్ల పాలసీ ఉందిలే అన్న ధైర్యంతో ఉన్నాడు. తీరా చూస్తే ఆ పాలసీని సంఘం 2002లోనే ఆపేసింది. మిగిలింది ట్రాక్ వాళ్లు తీసుకున్న లక్ష డాలర్ల కవరేజీ. వెన్నెముక దెబ్బకు అమెరికా ఆస్పత్రుల్లో అది ఏ మూలకూ చాలదు. విషయం చివరికి అమెరికా కాంగ్రెస్ దాకా వెళ్లి, 2005లో విచారణ జరిగింది.

ఇక్కడ అసలు సమస్య ఒకటుంది. అమెరికాలో చాలాచోట్ల జాకీ ఎవరి ఉద్యోగీ కాదు. ఈ రేసుకు ఒక ఓనరు, తర్వాతి రేసుకు ఇంకో ఓనరు. అంటే ఫ్రీలాన్సర్. ఉద్యోగి కాకపోతే, పనిలో దెబ్బ తగిలిన కార్మికుడికి వచ్చే పరిహారం రాదు. న్యూయార్క్ మాత్రం 1990లో గాయపడిన జాకీల కోసం ప్రత్యేక నిధి పెట్టింది. ఓనర్లు, ట్రైనర్లు అందులో డబ్బు కడతారు. తప్పెవరిదన్న గొడవతో పనిలేకుండా జాకీకి సాయం అందుతుంది.

అయిదేళ్లకు గెలుపు

2016 అక్టోబర్ 31, ఇంగ్లండ్‌లోని కెంప్టన్ పార్క్. నాలుగు గుర్రాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ముప్ఫై ఏళ్ల ఫ్రెడ్డీ టిలికీకి వెన్నెముక దెబ్బతిని కాళ్లు చచ్చుబడ్డాయి. అది ప్రమాదమేనని రేసు అధికారులు ఆ రోజే తేల్చేశారు. టిలికీ మాత్రం ఊరుకోలేదు. తోటి జాకీ గ్రాహం గిబ్బన్స్ తనను కంచె వైపు నెట్టేశాడంటూ దాదాపు 60 లక్షల పౌండ్లకు దావా వేశాడు.

గెలవడం కష్టమే అనుకున్నారంతా. ఎందుకంటే 2001లో ఇలాంటి కేసే వచ్చింది. అందులో ఇద్దరు జాకీలు అజాగ్రత్తగా స్వారీ చేశారని రేసు అధికారులే తేల్చినా, గాయపడిన జాకీ కోర్టులో ఓడిపోయాడు. క్షణాల్లో నిర్ణయం తీసుకునే ఆటలో చిన్న పొరపాటు నేరం కాదని, పక్కవాడి ప్రాణమంటే లెక్కలేనితనం కనిపించాలని కోర్టు చెప్పింది. టిలికీ కేసులో ఆ లెక్కలేనితనం ఉందని 2021 డిసెంబర్‌లో జడ్జి తీర్పిచ్చారు. అప్పటికి అతను వీల్‌చెయిర్‌లో కూర్చుని అయిదేళ్లు దాటింది.

బైకు పాలసీతో పోల్చి చూడండి

ఇలాంటి చోట రెండు రకాల ఇన్సూరెన్స్ కావాలి. బైకుకు థర్డ్ పార్టీ ఉంటుంది కదా, అలా మన వల్ల ఎదుటివాడికి దెబ్బ తగిలితే కట్టేది ఒకటి. తప్పెవరిదైనా మన వైద్యానికి, పోయిన సంపాదనకు వచ్చేది రెండోది. మొదటిది అక్కరకు రావాలంటే ఎదుటివాడి తప్పు రుజువు కావాలి. అంటే కోర్టు, సాక్షులు, ఏళ్లు. రెండోదానికి ఆ తలనొప్పి లేదు.

మలక్‌పేట మాట

మన దగ్గర కూడా ఈ లెక్క కోర్టుకెక్కింది. రేస్ క్లబ్ ఉద్యోగులకు ఈఎస్ఐ వర్తిస్తుందా లేదా అని మలక్‌పేటలోని హైదరాబాద్ రేస్ క్లబ్ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. వర్తిస్తుందని 2004లో కోర్టు చెప్పింది. బెంగళూరు టర్ఫ్ క్లబ్ కేసులో 2014లో అదే మాట మళ్లీ ఖాయం చేసింది. అయితే ఇదంతా క్లబ్ ఉద్యోగుల సంగతి. ఫీజు తీసుకుని రేసుకో గుర్రం ఎక్కేవాడిని ఉద్యోగి అనాలా అన్న ప్రశ్న మాత్రం వేరే.

ఆ ప్రశ్న గుర్రాలతోనే ఆగిపోదు. ఫుడ్ డెలివరీకి బైకు తీసేవాళ్లు, షూటింగుల్లో ఫైట్లు చేసేవాళ్లు, రోజుకూలీకి కెమెరా మోసేవాళ్లు... అందరిదీ జాకీ బతుకే. మీరు కూడా అందులో ఉంటే ఈ రోజే ఫోన్ తీసి మూడు విషయాలు చూసుకోండి. మీ పేరు మీద పాలసీ నిజంగా ఉందా? ఇప్పటికీ నడుస్తోందా? కాలో చెయ్యో పోతే ఎంతిస్తారు?

బర్జర్ ఆ రెండో ప్రశ్న పడ్డాకే అడిగాడు. మీరు ముందే అడగండి.