కనుబొమల వ్యాకరణం

చేతికి తొడుగు తొడుక్కొని సైగ చేస్తే, ఆ సైగ అక్షరాలై కనబడుతుందట! ఈ కబురు వినగానే మా పిల్లలు, "అయితే ఇక వినపడనివాళ్లకు ఇబ్బందే లేదన్నమాట" అని తేల్చేశారు. తెలుగు పాఠాలు చెప్పుకొనే నాకు మాత్రం అంత తేలికగా నమ్మబుద్ధి కాలేదు.

2016లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు విద్యార్థులిద్దరు, నవీద్ అజోడీ, థామస్ ప్రయర్ అనేవారు, 'సైన్ అలౌడ్' అనే తొడుగులు తయారుచేసి 10,000 డాలర్ల బహుమానం గెల్చుకున్నారు. చెయ్యి ఎలా కదిలిందో తొడుగులోని సెన్సర్లు కనిపెడతాయి. కంప్యూటరు ఆ కదలికను తనకు తెలిసిన సైగలతో పోల్చి, సరిపడిన ఇంగ్లీషు మాట అందిస్తుంది. పత్రికలు తెగ మెచ్చుకున్నాయి.

మెచ్చనివారూ లేకపోలేదు. అదే విశ్వవిద్యాలయంలో సైగల భాష బోధించేవారూ, ఒక భాషాశాస్త్రజ్ఞురాలూ కలిసి బహిరంగ లేఖ రాశారు. ఆ భాష చేతుల్లో మాత్రమే లేదన్నారు.

మనం 'వచ్చాడు' అన్న మాటకు చివర దీర్ఘమిస్తే 'వచ్చాడా?' అని ప్రశ్న అవుతుంది కదా! అమెరికన్ సైగల భాషలో ఆ దీర్ఘం కనుబొమల్లో ఉంటుంది. అవునా, కాదా అని అడిగేటప్పుడు అవి పైకి లేస్తాయి. చేతులు చేసే సైగ మాత్రం అదే. మన విభక్తుల పని అక్కడ చెయ్యి కదిలే దిక్కు చూసుకుంటుంది. 'ఇవ్వడం' అనే సైగ నా వైపునుంచి మీ వైపు సాగితే నేను మీకిచ్చినట్టు. అటునుంచి ఇటు వస్తే మీరు నాకిచ్చినట్టు. ఇది వ్యాకరణం కాక మరేమిటి? మన వర్ణాల్లాగే సైగలకూ విడి భాగాలున్నాయని, బధిరుల కోసం నడిచే గాలడెట్ కళాశాలలో ఇంగ్లీషు చెప్పే విలియం స్టోకో 1960లోనే చూపించాడు. (ఆ పని చేసినవాడు భాషా పంతులు కావడం నాకు కాస్త గర్వం!)

2020లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు తొడుగుతోపాటు కనుబొమల నడుమ, నోటి పక్కన కూడా సెన్సర్లు అంటించి చూశారు. 660 సైగలను వారి యంత్రం గుర్తుపట్టి సెల్‌ఫోనుకు అందించింది. తెలివైన పనే, కాదనను. కాని కొట్టుకు వెళ్లి పావుకిలో పంచదార అడగడానికి ముఖాన పట్టీలు, చేతికి తొడుగులు ఎవరు తగిలించుకోవాలి? వినపడనివారే! వినగలిగిన కొట్టువాడు ఒక్క సైగైనా నేర్చుకోకుండా హాయిగా నిలబడతాడు. పైగా అతను "చిల్లర లేదండీ" అంటే, ఆ మాటను సైగగా మార్చి ఎదుటివారికి చెప్పడం ఈ తొడుగులకు చేతకాదు.