వాన పడ్డ రోడ్డు ఏ రంగులో ఉంటుంది?



గత వర్షాకాలంలో ఐదో తరగతి పిల్లలకు ‘వానలో మా ఊరు’ అనే బొమ్మ వేయమని చెప్పాను. ఇంచుమించు అందరూ ఒకే బొమ్మ వేశారు. పైన బూడిద రంగు మబ్బు, దాని కింద నీలం చుక్కలు, రంగురంగుల గొడుగు, పక్కన ఒక గుడిసె. నిజానికి ఆ క్లాసులో చాలామంది అపార్ట్‌మెంట్లలో ఉండే పిల్లలే!

ఒక్క షీట్ మాత్రం వేరుగా ఉంది. రోడ్డంతా నలుపు. దాని మీద పైనుంచి కిందికి పొడవాటి ఎర్రని చారలు. చినుకు ఒక్కటీ లేదు. “రోడ్డు ఎక్కడైనా ఎర్రగా ఉంటుందా అమ్మా?” అని అడిగాను. పాప ఏమీ మాట్లాడలేదు. షీట్ తీసుకుని వెళ్లి, చారల మీద నల్ల క్రేయాన్ రుద్దేసింది.

ఆ సాయంత్రం వానలో సిగ్నల్ దగ్గర ఆగాను. ముందున్న కార్ల బ్రేక్ లైట్లు తడి రోడ్డు మీద పొడవుగా సాగి, నా బండి చక్రం దాకా వచ్చాయి. రోడ్డు ఎర్రగానే ఉంది. పాప చూసింది వేసింది. నేను చూడకుండా తప్పన్నాను. మర్నాడు క్లాసులో అందరి ముందూ ఆ మాట చెప్పాను. కానీ ఆ బొమ్మ మళ్లీ రాలేదు. ఇంట్లో మీరు నాలా పొరపడకూడదని ఈ వ్యాసం రాస్తున్నాను.

తడి రోడ్డు ఎందుకు మెరుస్తుంది?

పొడి తారురోడ్డు గరుకుగా ఉంటుంది. దాని మీద పడిన కాంతి అన్ని దిక్కులకూ చెదిరిపోతుంది. అందుకే రోడ్డు బూడిద రంగులో కనిపిస్తుంది. వాన పడగానే దాని మీద పలుచని నీటి పొర ఏర్పడుతుంది. రోడ్డు నుంచి తిరిగి వచ్చే కాంతిలో కొంత ఆ పొర దాటలేక మళ్లీ రోడ్డు మీదే పడి, అందులో కలిసిపోతుంది. కాబట్టి తడి రోడ్డు మరింత నల్లగా ఉంటుంది. అదే నీటి పై భాగం అద్దంలా పనిచేసి, ఎదురుగా ఉన్న లైట్లను మన కంటికి చూపిస్తుంది. నల్లని అద్దం కాబట్టి రంగులు ఇంకా బాగా కనిపిస్తాయి.

మరి గుండ్రని లైటు పొడవాటి చారగా ఎందుకు మారుతుంది? రోడ్డు మీది నీరు సమంగా ఉండదు. అలలు, గతుకులు వేలాది చిన్న అద్దాల్లా తలో వైపు వాలి ఉంటాయి. వాటిలో చాలా అద్దాలు ఒకే లైటును మన కంటికి పంపుతాయి. అవన్నీ కలిసి లైటు నుంచి మన వైపు సాగిన చారలా కనిపిస్తాయి. ఆరో తరగతి పైబడిన పిల్లలకు కాంతి పరావర్తనం పాఠం చెప్పేటప్పుడు దీనికి మించిన ఉదాహరణ దొరకదు.

చినుకు లేని వాన బొమ్మ

ఫ్రెంచ్ చిత్రకారుడు గుస్తావ్ కైబోత్ 1877లో ‘ప్యారిస్ వీధి, వాన రోజు’ అనే బొమ్మ వేశాడు. అది ఇప్పుడు అమెరికాలోని షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. ఎత్తు 2 మీటర్లకు పైన, వెడల్పు 2.7 మీటర్లకు పైన. అందులోని మనుషులు దాదాపు మనంత ఉంటారు. కొత్తగా వెడల్పు చేసిన వీధుల్లో గొడుగులు పట్టుకుని నడుస్తుంటారు. మధ్యలో ఒక దీపస్తంభం బొమ్మను రెండుగా విడదీస్తుంది. కుడి అంచున ఒక మనిషి సగమే కనిపిస్తాడు, మనం తొందరలో తీసిన ఫోటోలో లాగా.

ఆ బొమ్మలో పడుతున్న చినుకు ఎక్కడా కనిపించదు. పరిచిన రాళ్ల మీద తడి మెరుపు, గొడుగులు, మెత్తని వెలుతురు మాత్రమే ఉంటాయి. అయినా చూసినవారెవరికీ వాన గురించి అనుమానం రాదు. మా పాప వేసినదీ ఇలాంటి వానే.

గీతలుగా కురిసిన వాన

దీనికి పూర్తిగా భిన్నంగా వేసినవాడు జపాన్ చిత్రకారుడు హిరోషిగే. ఎదో నగరంలో, అంటే నేటి టోక్యోలో, ఒక వంతెన మీద హఠాత్తుగా వాన కురవడాన్ని 1857లో చెక్క అచ్చుతో ముద్రించాడు. అందులో వాన సన్నని నల్ల గీతలుగా బొమ్మంతా నిండి ఉంటుంది. జనం తలలు వంచుకుని పరుగులు తీస్తుంటారు. ముప్పై ఏళ్ల తర్వాత, 1887లో, విన్సెంట్ వాన్ గో ఆ బొమ్మను చూసి ఆయిల్ రంగుల్లో మళ్లీ వేసి నేర్చుకున్నాడు.

చినుకు గీతగా ఎందుకు కనిపిస్తుంది? పెద్ద చినుకు సెకనుకు దాదాపు 9 మీటర్ల వేగంతో పడుతుంది. మన కన్ను దాన్ని ఒక్కచోట పట్టుకోలేదు. కెమెరా సంగతీ అంతే. షట్టర్ సెకనులో ముప్పయ్యో వంతు తెరిచి ఉంటే, ఆలోపు చినుకు 30 సెంటీమీటర్లు జారి గీత అవుతుంది. వెయ్యో వంతు తెరిస్తే 9 మిల్లీమీటర్లే కదులుతుంది, చుక్కలా కనిపిస్తుంది. అంటే గీతా నిజమే, చుక్కా నిజమే.

న్యూయార్క్ ఫోటోగ్రాఫర్ సాల్ లైటర్ ఇంకో దారి పట్టాడు. 1950ల నాటి నగర వీధులను తడిసిన, ఆవిరి పట్టిన కిటికీ అద్దాల వెనక నుంచి రంగుల్లో తీశాడు. అద్దం మసకగా ఉంటే ఫోటో చెడిపోయిందని మనం అనుకుంటాం. ఆయనకు ఆ మసకే కావలసింది.

ఇంట్లో ఇలా చేసి చూడండి

1. వాన పడే సాయంత్రం, బాల్కనీ నుంచి గానీ కారు, బస్సు కిటికీ నుంచి గానీ పది నిమిషాలు పిల్లలతో కలిసి రోడ్డును చూడండి. “ఏమేం రంగులు కనిపిస్తున్నాయి?” అని మాత్రమే అడగండి. జవాబు మీరు చెప్పకండి.

2. ఫోన్ కెమెరాలో కిటికీ మీది చినుకును తాకి ఒక ఫోటో, దూరంగా ఉన్న లైటును తాకి ఇంకో ఫోటో తీయించండి. రెండూ పక్కపక్కన పెట్టి తేడా చెప్పమనండి.

3. పడుతున్న చినుకులు ఫోటోలో రావాలంటే వాటి వెనక చీకటి, కొంచెం పక్క నుంచి వెలుగు ఉండాలి. వీధి దీపం దగ్గర వాన బాగా కనిపించేది అందుకే.

4. బొమ్మ వేసేటప్పుడు గూగుల్‌లో చూసి వేయమనకండి. ముందు రోజు చూసింది గుర్తు చేసుకుని వేయమనండి.

ఒక్క జాగ్రత్త. ఇవన్నీ లోపల ఉండి చేసేవే. నీళ్లు పారుతున్న రోడ్డు మీద తెరిచిన మ్యాన్‌హోల్ కనిపించదు. తడిసిన కరెంటు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గరికి పిల్లలను వెళ్లనివ్వకండి. ఫోటో కోసం ఎవరూ నీళ్లలోకి దిగవద్దు.

మీ అబ్బాయో అమ్మాయో ఎర్రని రోడ్డు, పసుపు వాన, ఊదా రంగు మబ్బు వేసి తెస్తే, తప్పు అనే ముందు ఒక్క ప్రశ్న అడగండి: “ఇది ఎక్కడ చూశావు నాన్నా?” జవాబు పూర్తిగా వినండి. వీలైతే ఆ చోటికి వెళ్లి మీరూ చూడండి. ఈ నెల డైరీలో ఆ బొమ్మను క్లాస్ టీచర్‌కు పంపండి. దిద్దకుండా, పిల్లలు వేసింది వేసినట్టే పంపండి.

– మీ డ్రాయింగ్ టీచర్