తేనెటీగ వయస్సు – తేనె పక్వము

తేనెటీగ పూవునుండి గొనివచ్చు మకరందము తేనె కాదు. అది చాలవఱకు నీరును చక్కెరయు మాత్రమే. ఆ చక్కెరను విడగొట్టి, నీటిని ఇగిర్చినపుడే అది తేనె యగును. ఇందుకు వలయు ఎంజైములు ఈగ తలలోని యొక జత గ్రంథులలో పుట్టును. ఆ గ్రంథులు ఈగ బ్రదికినంత కాలమును ఒకే పని చేయవు.

జర్మనీలో రోష్ అను శాస్త్రజ్ఞుడు 1925లో ఐరోపా జాతి ఈగలను పరిశీలించి, ఏ వయస్సున ఏ పని చేయునో ప్రకటించెను. పనికత్తె యీగ గది వెడలిన తొలి దినములలో గదులను శుభ్రము చేయును. ఐదాఱు దినములకు పై గ్రంథులు ఉబ్బి, మాంసకృత్తులు గల పాలవంటి ద్రవమును స్రవించును. చిన్న పురుగులకును రాణికిని అదియే ఆహారము. రెండు వారములు దాటగా ఆ పాలు తగ్గి గ్రంథులు చిక్కిపోవును. చిక్కిన ఎద్దును మనము సంతకు తోలుదుము గాని, ఇచట అట్లు గాదు. మూడవ వారము నాటికి, అనగా ఈగ పొలములకు పోవు వయస్సున, అవే గ్రంథులలో ఇన్వర్టేజి అను ఎంజైము మిక్కుటమగును. మకరందమందలి చెఱకు చక్కెరను ఇది రెండు సులభమైన చక్కెరలుగా విడదీయును. గ్లూకోజు ఆక్సిడేజి అను మఱియొకటి ఆమ్లమును, హైడ్రోజను పెరాక్సైడును పుట్టించి సూక్ష్మజీవుల నణచును. పొలమునకు పోయిన ఈగ త్రోవలోనే ఈ పని ప్రారంభించును. ఇంటి ఈగలు కొనసాగించును.

కావున పూతమీద నున్న పొద్దుతిరుగుడు చేనిలో ఉదయము మందు కొట్టినవారు, ఎట్లును చచ్చు ముసలి ఈగలే పోయినవని ఊఱడిల్లరాదు. గ్రంథులు ఎంజైములతో నిండిన ఈగలే అపుడు పూలమీద నుండును. అవి పోగా, పాలు పట్టవలసిన పడుచు ఈగలు వయస్సు రాకమునుపే పొలమునకు వెడలును. పురుగులకు పాలు కొఱవడును. పొద్దుతిరుగుడునందు గింజ కట్టుటకును ఈగలు వలయును గనుక నష్టము మందు కొట్టినవారికిని గలదు. తప్పనిసరి యైనచో, ఈగలు ఇల్లు చేరిన పిదప సాయంకాలము కొట్టుడు. పెట్టెలున్న పొరుగువారికి ముందునాడే కబురు చేయుడు.

తేనె పులిసినదని తగవు వచ్చినపుడు, బెల్లపు పాకము కలిపిరను నింద తొలుత పుట్టును. పలుమార్లు కారణము వేఱు: మైనపు మూత పడక మునుపే తేనె తీయుట. అట్టి తేనెలో ఎంజైముల పని ముగియలేదు, నీరును తగ్గలేదు. మకరందమున సగమునకు మించియు ఉండగల నీరు, పక్వమైన తేనెలో నూటికి సుమారు 20 పాళ్లకు దిగును. ముప్పాతిక వంతు గదులకు మూత పడిన చట్రములనే తీయుడు. తక్కినవానిని మరల పెట్టెలో నుంచుడు.