బాంతెన్ ప్రజల జీవన విధానం, విశ్వాసాలు



భూపటం తెరిచి మన మలేషియాకు దక్షిణంగా చూడండి. సుమత్రాను దాటగానే జావా ద్వీపం కనిపిస్తుంది. దాని పడమటి కొసన ఉన్న ప్రాంతమే బాంతెన్. 2000వ సంవత్సరం నుండి అది ఇండోనేషియాలో ఒక ప్రత్యేక రాష్ట్రం. సెరాంగ్ దాని ముఖ్యపట్టణం. అక్కడి ప్రజలు ఎలా జీవిస్తారో, దేనిని విశ్వసిస్తారో ఇప్పుడు తెలుసుకుందాం.

ముందుగా సముద్రతీరానికి వెళదాం. 16వ శతాబ్దంలో అక్కడ సుల్తానుల రాజ్యం వెలసింది. మొదటి సుల్తాను హసనుద్దీన్. మిరియాల వ్యాపారం వల్ల ఆ రేవుకు గొప్ప పేరు వచ్చింది. 1596లో డచ్చివారి నౌకలు జావాలో మొదట చేరినది ఇక్కడికే. మన పూర్వుల తెలుగు నేలకు కూడా ఈ రేవుతో సంబంధం ఉండేది. 17వ శతాబ్దంలో మచిలీపట్నం నూలు వస్త్రాలు ఓడలలో బాంతెన్‌కు చేరేవి. అక్కడ వస్త్రాలిచ్చి మిరియాలు కొనేవారు.

బాంతెన్ ప్రజలలో అత్యధికులు ముస్లిములు. ప్రాచీన బాంతెన్ నగరంలోని పెద్ద మసీదును, సుల్తానుల సమాధులను దర్శించడానికి నేటికీ యాత్రికులు వస్తారు. ఉత్తర తీరంలో జావా భాష, దక్షిణాన సుండా భాష వినిపిస్తాయి. ‘దెబుస్’ అనే సాహస ప్రదర్శన వారి ప్రత్యేకత. ప్రార్థన, నిష్ఠ గలవారిని కత్తి గాయపరచదని దానిని ప్రదర్శించేవారి నమ్మకం. మీరు మాత్రం అటువంటివాటిని ఎన్నడూ ప్రయత్నించకూడదు!

ఇక దక్షిణాన ఉన్న కొండలలోకి వెళదాం. లెబాక్ జిల్లాలోని కనెకెస్‌లో బదుయి అనే ప్రజలు నివసిస్తున్నారు. వారి విశ్వాసాన్ని ‘సుండా వివితాన్’ అంటారు. పూర్వికుల నుండి వచ్చిన నియమాలే దానికి ఆధారం. ప్రకృతిలో ఉన్నదానిని తగ్గించరాదు, లేనిదానిని చేర్చరాదు అన్నది ఆ నియమాల సారాంశం.

ఇల్లు కట్టేటప్పుడు వారు నేలను చదును చేయరు. వాలుగా ఉన్న చోట స్తంభాల క్రింద ఎత్తు తగ్గించిన రాళ్ళో, పెంచిన రాళ్ళో అమర్చి ఇంటిని సరిచేస్తారు. కొండవాలులలో మెట్ట వరి పండిస్తారు గాని నాగలితో దున్నరు, నీటిదారి మళ్ళించరు. ఆ వడ్లను అమ్మరు. ‘లెఉయిత్’ అనే గాదెలలో భద్రపరుస్తారు. వరి వారికి కేవలం ఆహారం కాదు, న్యి పోహాచి అనే దేవత స్వరూపం. జావాలో ఇతర చోట్ల వరి దేవతను ‘దేవి శ్రీ’ అంటారు. ఆ పేరు మనకు కొత్తది కాదు కదా!

బదుయి ప్రజలలో లోపలివారు మూడు గ్రామాలలో ఉంటారు. తెల్లని బట్టలు ధరిస్తారు. పాదరక్షలు, విద్యుత్తు, సబ్బు వాడరు. వాహనం ఎక్కరు. ‘పూఉన్’ అనే పెద్దలు వారికి మార్గదర్శకులు. చుట్టుప్రక్కల గ్రామాలలో ఉండే వెలుపలివారు నల్లని లేదా ముదురు నీలపు బట్టలు ధరిస్తారు. వారి నియమాలు కొంత సడలినవి.

లోపలి గ్రామాలలో పాఠశాల లేదు. ఒక ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న నాకు ఈ మాట వ్రాయడం కష్టంగానే ఉంది. అయితే ఆ పిల్లలకు చదువు లేదని అనలేము. తల్లిదండ్రుల వెంట పొలానికి వెళ్ళి వారు అడవిని నేర్చుకుంటారు. ‘కిదాంగ్’ అనే నక్షత్రాలను చూసి సేద్యానికి సమయం తెలుసుకుంటారు. కిదాంగ్ అంటే ఒక జాతి జింక. మన రైతులు విత్తనాలకు ఎదురుచూసే మృగశిర కార్తె పేరులోనూ జింక ఉంది. ఆ రెండూ ఆకాశంలో ఒకే చోట ఉన్న నక్షత్రాలే!

కోతల తరువాత ఏటా బదుయి ప్రజలు ‘సెబా’ అనే ఆచారం పాటిస్తారు. పంటలో కొంత భాగం మోసుకొని జిల్లా అధికారినీ, సెరాంగ్‌లోని గవర్నరునూ దర్శిస్తారు. లోపలివారు అంత దూరమూ చెప్పులు లేకుండా నడిచే వెళతారు. కొండలను, అడవులను కాపాడమని పాలకులను కోరుతారు. 2001లో లెబాక్ జిల్లా ప్రభుత్వం వారి సాంప్రదాయిక భూమిపై వారి హక్కును రక్షిస్తూ ఒక శాసనం చేసింది.

ఆ శాసనం గురించి చదివినప్పుడు నాకు మా తాతగారు గుర్తుకువచ్చారు. ఆయన జీవితమంతా ఒక రబ్బరు తోటలో చెట్లకు గాటుపెట్టి పాలు తీశారు. ప్రతి చెట్టూ ఆయనకు తెలుసు. కాని ఆ నేలపై ఆయనకు ఏ హక్కూ లేదు. తోట అమ్ముడుపోయినప్పుడు కార్యాలయం గోడకు అంటించిన కాగితాన్ని ఆయన చదువలేకపోయారు. మరొకరు చదివి చెప్పిన తరువాతనే లైను ఇల్లు ఖాళీ చేయాలని తెలిసింది.

విద్యార్థులారా! నేలను ప్రేమించడం బదుయి పిల్లల నుండి నేర్చుకోండి. అక్షరాన్ని మాత్రం విడువకండి. నేలను కాపాడే శాసనం కూడా అక్షరాలలోనే ఉంటుంది.

అభ్యాసం: మీ కుటుంబం పూర్వం ఏ తోటలో, ఏ ఊరిలో ఉండేదో, అక్కడ ఏయే చెట్లు ఉండేవో మీ అవ్వాతాతలను అడగండి. వారు చెప్పిన మాటలను ఐదు వాక్యాలలో తెలుగులో వ్రాసి తరగతికి తీసుకురండి.