లెమన్ డ్రాప్: కొలత కుదిరితేనే రుచి

లెమన్ డ్రాప్ అనేది వోడ్కా, నిమ్మరసం, పంచదార పాకం కలిపి, ఐసుతో చల్లబరిచి తాగే కాక్‌టెయిల్. పిల్లలు చప్పరించే పుల్లటి నిమ్మ బిళ్లకు ఇంగ్లిషులో ఉన్న పేరే దీనికీ వచ్చింది. 1970లలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని హెన్రీ ఆఫ్రికాస్ అనే బార్‌లో, దాని యజమాని నార్మన్ జే హాబ్డే దీన్ని మొదట తయారుచేశారని చెబుతారు. దీని తయారీకి ఖరీదైన సామాను అక్కర్లేదు. కావలసిందల్లా మంచి నిమ్మకాయలు, చాలినంత ఐసు, కచ్చితమైన కొలత.

మద్యంలో పులుపు, తీపి కలిపే పద్ధతి ఈ పానీయం కన్నా చాలా పాతది. బార్ పరిభాషలో ఈ తరహా పానీయాలను సోర్ అంటారు. 1862లో న్యూయార్క్‌లో అచ్చయిన జెర్రీ థామస్ పుస్తకంలోనే వీటి తయారీ ఉంది. వీటికి ముందుతరం పంచ్. సారా, నిమ్మరసం, చక్కెర, నీళ్లు, సుగంధద్రవ్యం అనే ఐదింటి కలయిక కాబట్టి ‘పంచ’ నుంచే ఆ పేరు వచ్చిందన్న అభిప్రాయం ప్రచారంలో ఉంది. పంచ్ ప్రస్తావన ఉన్న తొలి ఇంగ్లిషు రాతల్లో ఒకటి 1632 నాటి ఉత్తరం. ఈస్టిండియా కంపెనీకి చెందిన ఒకరు దాన్ని పేటపోలిలో ఉన్న కంపెనీ వర్తకుడికి రాశారు. ఆ పేటపోలే ఇప్పటి బాపట్ల జిల్లాలోని నిజాంపట్నం.

వోడ్కా

రష్యన్ భాషలో ‘వోడా’ అంటే నీరు. వోడ్కా దాని ముద్దుపేరు లాంటిది. సంస్కృతంలోని ఉదకం కూడా అదే మూలం నుంచి పుట్టిన మాట. ధాన్యంతోనో, బంగాళదుంపతోనో, చెరకు మడ్డితోనో పులియబెట్టిన ద్రవాన్ని దాదాపు 96 శాతం శుద్ధత వచ్చేదాకా బట్టీపట్టి, తర్వాత నీళ్లు కలిపి పలుచన చేస్తారు. అంత శుద్ధి చేశాక ముడిసరుకు వాసన చాలావరకు పోతుంది. విస్కీకి, రమ్ముకు ఉండే ఘాటైన వాసన లేదు కాబట్టే వోడ్కాలో నిమ్మ పరిమళం అణగిపోకుండా పైకి తేలుతుంది. మన దేశంలో తయారయ్యే సీసాల మీద సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది. విదేశీ సీసాల్లో ఎక్కువ భాగం 40 శాతం. నిమ్మ, పంచదార కలిశాక బ్రాండ్ల మధ్య తేడా అంతగా తెలియదు కనుక మధ్యరకం వోడ్కా సరిపోతుంది.

నిమ్మకాయ

అమెరికా వంటకాల్లో లెమన్ అంటే మందమైన పసుపు తొక్క ఉన్న పెద్ద కాయ. గూడూరు, తెనాలి, నకిరేకల్ మార్కెట్లకు వచ్చే పలుచటి తొక్క నిమ్మ అది కాదు. ఇది అమెరికావాళ్లు లైమ్ అనే జాతికి చెందినది. దీని పులుపు కాస్త పదును, వాసనా వేరు. అయినా పానీయం బాగానే కుదురుతుంది; పాకం విషయంలో మాత్రం నోటికి తగ్గట్టు ఒకటి రెండు చుక్కలు అటూ ఇటూ చూసుకోవాలి. పచ్చి కాయల కన్నా పసుపు తిరిగిన పలుచటి తొక్క కాయల్లో రసం ఎక్కువ. కోసే ముందు అరచేత్తో బల్లమీద అదిమి దొర్లిస్తే లోపలి తిత్తులు చిట్లి రసం తేలిగ్గా దిగుతుంది. మధ్యరకం కాయ నుంచి సుమారు 15 మి.లీ. వస్తుంది కాబట్టి ఒక గ్లాసుకు రెండు కాయలు కావాలి.

రసం అప్పటికప్పుడు పిండాలి. బత్తాయి రసం తీసి కాసేపు ఉంచితే చేదెక్కుతుందని అందరికీ తెలుసు. పండులో చేదు లేని ఒక పదార్థం, రసం తీశాక అందులోని ఆమ్లం వల్ల నెమ్మదిగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారడమే దానికి కారణం. నిమ్మరసంలోనూ నిలవ ఉంచేకొద్దీ తాజాదనం తగ్గి, చేదు తెలుస్తుంది. గింజలు చితికేలా, తొక్క నలిగేలా గట్టిగా పిండినా చేదు దిగుతుంది. ఇక నిమ్మ వాసన రసంలో కన్నా తొక్క పైపొరలోని సన్నని నూనె తిత్తుల్లో ఎక్కువ. ఆ నూనె నీళ్లలో కరగదు, ఆల్కహాల్‌లో బాగా కరుగుతుంది. ఊరగాయకు దబ్బకాయ తెచ్చిన రోజున దాని తొక్కను కూడా వాసన కోసం వాడవచ్చు.

పాకం

చల్లని మద్యంలో పంచదార సరిగ్గా కరగదు, గ్లాసు అడుగున పేరుకుంటుంది. అందుకే ముందుగా పాకం కాచుకోవాలి. 100 గ్రాముల పంచదార, 100 మి.లీ. నీళ్లు గిన్నెలో వేసి సన్నని సెగమీద పలుకులు కరిగేదాకా కలిపితే చాలు, తీగపాకం రానివ్వకూడదు. దించేటప్పుడు రెండు నిమ్మ తొక్క ముక్కలు వేసి, చల్లారాక తీసేస్తే పాకానికీ వాసన పడుతుంది. ఇది సుమారు 160 మి.లీ. అవుతుంది, అంటే ఆరు గ్లాసులకు సరిపోతుంది. శుభ్రమైన గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు నిలుస్తుంది.

కలిపే విధానం

ఒక గ్లాసుకు వోడ్కా 60 మి.లీ., నిమ్మరసం 25 మి.లీ., పాకం 25 మి.లీ. కావాలి. పెగ్గు కొలత లేకపోతే దగ్గు మందు సీసాతో వచ్చే గీతల మూత పనికొస్తుంది. షేకర్ బదులు గట్టి మూత ఉన్న స్టీలు డబ్బా గానీ, వెడల్పు మూతి గాజు జాడీ గానీ వాడవచ్చు. నిమ్మ పులుపుకు అల్యూమినియం పడదు కాబట్టి ఆ పాత్రలు వద్దు.

మొదట గ్లాసును ఫ్రీజర్‌లో పదినిమిషాలు ఉంచాలి. బయటికి తీసి, అంచు వెలుపలి వైపు నిమ్మ చెక్కతో రుద్ది, పళ్లెంలో పరిచిన పంచదారలో అద్దాలి. డబ్బాలో మూడు ద్రవాలూ పోసి, మూడొంతులు నిండేలా ఐసు గడ్డలు వేసి, మూత బిగించి 12 నుంచి 15 సెకన్లపాటు బలంగా గిలకొట్టాలి. డబ్బా వెలుపల తెల్లగా మంచు పడితే చాలినంత చల్లబడ్డట్టే. టీ వడగట్టే జల్లెడతో గ్లాసులోకి వడపోయాలి. చివరగా కాసువెడల్పు నిమ్మ తొక్క ముక్కను, లోపలి తెల్లపొర లేకుండా చెక్కి, గ్లాసు మీద వంచి నొక్కితే నూనె సన్నగా చిమ్మి పైన పరుచుకుంటుంది.

ఐసు చేసే పని చల్లబరచడం ఒక్కటే కాదు. ఒక గ్రాము ఐసు కరగడానికి సుమారు 80 కెలోరీల వేడి కావాలి. ఆ వేడిని పానీయం నుంచే లాక్కుంటుంది, కరిగిన నీరు పానీయంలోనే కలుస్తుంది. ఇలా 30 మి.లీ. దాకా నీరు చేరి ఘాటు తగ్గుతుంది. అంటే ఇందులో నీరు కూడా ఒక దినుసే, దాని కొలత గిలకొట్టే సెకన్లలో ఉంటుంది. చిన్న పలుకులు త్వరగా కరిగి రుచిని పలుచన చేస్తాయి. పెద్ద గడ్డలు మేలు.

రుచి చూసినప్పుడు పులుపు పళ్లకు తగిలితే అర చెంచా పాకం, తీపి నాలుకకు అంటుకుంటే కొన్ని చుక్కల నిమ్మరసం వేయాలి. ఘాటు గొంతులో దిగకపోతే ఇంకో ఐదు సెకన్లు గిలకొట్టాలి.

మార్పులు

ఇవే పాళ్లకు పొడవాటి గ్లాసు, ఐసు, 100 మి.లీ. సోడా తోడైతే వోడ్కా కాలిన్స్ అవుతుంది. సోడాను మాత్రం గిలకొట్టే డబ్బాలో పోయకూడదు, మూత ఎగిరిపోతుంది. బత్తాయి రసంలో ఆమ్లం నిమ్మతో పోలిస్తే చాలా తక్కువ. దానితో చేసే స్క్రూడ్రైవర్‌లో పాకం అవసరం లేదు, అర చెక్క నిమ్మ పిండితే చప్పదనం పోతుంది. నిమ్మ ముక్కలను, పంచదారను గ్లాసులోనే దంచి, వోడ్కా, ఐసు వేస్తే కైపిరోస్కా. బ్రెజిల్ వాళ్లు చెరకు రసం మద్యంతో చేసే కైపిరిన్యాకు ఇది వోడ్కా రూపం.

మోతాదు

పులుపు, తీపి కలిసి మద్యం ఘాటును కప్పేస్తాయి కాబట్టి ఇది తేలిక పానీయంలా అనిపిస్తుంది. లెక్క వేరు. 42.8 శాతం వోడ్కా 60 మి.లీ.లో సుమారు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. కలిపిన పానీయం బలం దాదాపు 18 శాతం, మామూలు వైన్ కన్నా ఎక్కువ. చక్కెర మరో 15 గ్రాములు. మధుమేహం ఉన్నవాళ్లు, నిద్రమాత్రలు వాడేవాళ్లు, గర్భిణులు దీని జోలికి పోకూడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మద్యం కొనడానికి కనీస వయసు 21 ఏళ్లు. 100 మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాములు మించి ఆల్కహాల్ ఉంటే బండి నడపడం నేరం. నిమ్మరసం అంటిన చేతులు ఎండ తగిలితే బొబ్బలెక్కవచ్చు కనుక కలపడం అయ్యాక సబ్బుతో కడుక్కోవాలి.

తక్కువ తాగాలనుకునేవాళ్లు మూడింటినీ సగానికి తగ్గించి, 30 మి.లీ. వోడ్కాకు పన్నెండేసి మి.లీ. నిమ్మరసం, పాకం కలుపుకోవచ్చు. పాళ్లు మారవు కాబట్టి రుచీ మారదు.